లీటరు లెక్కలో డ్రైవరు వాటా

ఆర్టీసీ డిపోల్లో రోజూ వినిపించే మాట కేఎంపీఎల్. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క అది. బస్సు వారీగానే కాదు, డ్రైవరు వారీగానూ కడతారు. బస్సు అదే, రూటు అదే, రద్దీ కూడా ఇంచుమించు అంతే. అయినా ఒకరి చేతిలో అయిదు దాటని బండి మరొకరి చేతిలో అయిదుంపావు తెస్తుంది. బాగా తెచ్చినవారికి మెచ్చుకోలు, వెనకబడినవారికి మళ్లీ శిక్షణ. ఈ లెక్క పేరు చెప్పి తమను వేధిస్తున్నారన్న డ్రైవర్ల ఫిర్యాదునూ కొట్టిపారేయలేం. పాతబడ్డ బస్సుకూ, గుంతల రోడ్డుకూ డ్రైవరు ఏం చేస్తాడు? అయినా సంస్థ ఈ లెక్కను వదలదు, కారణం డబ్బే. రోజుకు మూడువందల కిలోమీటర్లు తిరిగే బస్సు లీటరుకు 5 బదులు 5.2 కిలోమీటర్లు ఇస్తే రోజుకు 2.3 లీటర్లు మిగులుతాయి. పదివేల బస్సులున్న సంస్థకు అది రోజుకు ఇరవై లక్షల రూపాయల పైమాటే.

సొంత కారున్న ఇంట్లో ఈ లెక్క ఎవరూ రాయరు. కొనేటప్పుడు మాత్రం 'ఎంతిస్తుంది' అని పదిమందిని అడుగుతాం. కొన్నాక అనుకున్నంత రాకపోతే కంపెనీని తిడతాం, లేదా బంకువాడు కల్తీ కొట్టాడంటాం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లీటరు పెట్రోలు వంద దాటి ఏళ్లు గడిచాయి. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటినుంచే వస్తోంది. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే మధ్యతరగతి కారు లీటరుకు 15 ఇస్తే 800 లీటర్లు తాగుతుంది. అదే కారును పదిహేడున్నరకు తేగలిగితే 115 లీటర్ల దాకా మిగులుతాయి. ఆ ఇంటికి ఏటా పన్నెండు వేల రూపాయలు ఆదా. ఇందులో చాలా భాగం కొత్త కారు కొనకుండానే, మెకానిక్ దగ్గరికి పోకుండానే సాధ్యం. దారి మాత్రం మనకు అలవాటైన చిట్కాల్లో లేదు.

ముందు షోరూములో చెప్పే అంకె సంగతి చూద్దాం. పుణెలోని ఏఆర్ఏఐ వంటి సంస్థలు ధ్రువీకరించే మైలేజీ రోడ్డు మీద కొలిచినది కాదు. కారును గదిలో రోలర్ల మీద నిలబెట్టి, ముందే గీసిపెట్టిన వేగాల పట్టిక ప్రకారం ఇరవై నిమిషాల లోపు నడుపుతారు. ఆ పట్టికలో గరిష్ఠ వేగం 90. ఏసీ ఆపి ఉంటుంది. ఎదురుగాలి, గుంత, అడ్డంగా వచ్చే గేదె ఏవీ ఉండవు. వేర్వేరు కార్లను ఒకే కొలబద్దతో పోల్చడానికి అది పనికొస్తుంది, మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర మన కారు ఎంతిస్తుందో చెప్పడానికి పనికిరాదు. కార్ల కంపెనీల మీద కేంద్రం పెట్టిన కేఫ్ నిబంధనలదీ ఇదే పరిస్థితి. అమ్మిన కార్ల సగటు కర్బన ఉద్గారం కిలోమీటరుకు 113 గ్రాములకు మించకూడదని 2022-23 నుంచి కట్టడి ఉంది. దాన్ని కంపెనీలు పరీక్ష గదిలో నిలబెట్టుకుంటాయి, రోడ్డు మీద నిలబెట్టే బాధ్యత మాత్రం ఎవరిదీ కాదు.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న కొలమానం కూడా మన అంచనాను తప్పుదారి పట్టిస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ 2008లో 'సైన్స్' పత్రికలో దీని మీదే పరిశోధనపత్రం ప్రచురించారు. ఉదాహరణకు ఒకరి పెద్ద ఎస్‌యూవీ 10 నుంచి 12కు మెరుగైంది, మరొకరి చిన్న కారు 20 నుంచి 24కు పెరిగింది. ఎవరికి ఎక్కువ లాభమంటే అందరూ రెండోవారినే చూపిస్తారు. పన్నెండు వేల కిలోమీటర్లకు లెక్క వేస్తే ఎస్‌యూవీకి 200 లీటర్లు మిగిలాయి, చిన్న కారుకు వంద మాత్రమే. అందుకే ఐరోపా దేశాల్లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పోశామన్న లెక్కే చెబుతారు. మన దగ్గర మైలేజీ గురించి ఎక్కువగా మథనపడేది చిన్న కారు యజమాని. పది, పదకొండు ఇచ్చే బండి యజమాని 'దీనికింతే' అని వదిలేస్తాడు. పొదుపుకు నిజంగా చోటున్నది అక్కడే.

ఇక నడిపే తీరు. అసలు విషయమంతా బ్రేకు పెడలు దగ్గరే ఉంది. కారుతో, అందులోని ఇద్దరితో కలిపి పదకొండు వందల కిలోల బరువు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. ఆ వేగానికి తేవడానికి ఖర్చయిన శక్తి సుమారు లక్షన్నర జౌళ్లు. లీటరు పెట్రోలులో మూడు కోట్ల జౌళ్లకు పైనే ఉన్నా, ఇంజిన్ అందులో పావు వంతును చక్రాలకు చేరిస్తే గొప్ప. మిగిలిందంతా రేడియేటరు నుంచీ సైలెన్సరు నుంచీ వేడిగా పోతుంది. ఈ లెక్కన కారు ఆ వేగం అందుకోవడానికి ఇరవై మిల్లీలీటర్లకు అటూ ఇటూగా పెట్రోలు మండాలి. మన ధరల్లో అది రెండు రూపాయలు. ముందు ఎర్రలైటు కనిపిస్తున్నా చివరిదాకా యాక్సిలరేటరు తొక్కి, ముందు బండి దగ్గరికొచ్చాక బ్రేకు కొడితే ఆ రెండు రూపాయలూ బ్రేకు ప్యాడ్ల దగ్గర వేడెక్కి గాలిలో కలిసిపోతాయి. ఆఫీసుకు వెళ్లొచ్చేలోగా ఇలాంటివి ముప్ఫై పడితే అరవై రూపాయలు. అదే వంద మీటర్ల ముందే పాదం ఎత్తేస్తే ఆ వేగమే కారును సిగ్నల్ దాకా తెస్తుంది. ఈలోగా పచ్చలైటు పడితే ఆగాల్సిన పనే ఉండదు.

దూకుడుగా తొక్కడం, గట్టిగా ఆపడం వల్ల హైవే మీద 15 నుంచి 30 శాతం, ఆగుతూ సాగే నగర రద్దీలో 10 నుంచి 40 శాతం దాకా మైలేజీ పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఏ సర్వీసింగూ, ఏ సీసా మందూ ఇంత తేడా తేలేదు. దీనికి మనవాళ్ల జవాబు తెలిసిందే: 'ముందు ఖాళీ వదిలితే ఆటో దూరుతుంది.' దూరనివ్వండి. ఆటో దూరినందువల్ల పోయేది రెండు సెకన్లు, దూరకుండా చూడటానికి పోయేది ప్రతిసారీ రెండు రూపాయలు. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాకా అలా పోటీపడి వెళ్లిన కారూ, నింపాదిగా వెళ్లిన కారూ చివరి సిగ్నల్ దగ్గర పక్కపక్కనే నిలబడటం ఆ దారిలో తిరిగేవారందరూ చూసేదే.

హైవే మీద బ్రేకు కంటే గాలి పెద్ద శత్రువు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే ఒకటిన్నర రెట్ల పైన, 120కి వెళ్తే రెండుంపావు రెట్లు. హైదరాబాద్ బాహ్యవలయ రహదారి మీద వేగ పరిమితిని 2023లో వంద నుంచి 120కి పెంచారు. పరిమితి అంటే దాటకూడని హద్దు అని కాక, అందుకోవలసిన లక్ష్యమన్నట్టు నడిపేవారే ఎక్కువ. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా పాతిక కిలోమీటర్ల లోపు దూరానికి 80కీ 120కీ మధ్య మిగిలేది ఆరు నిమిషాలు. విమానాశ్రయం పార్కింగులో స్లాటు వెతకడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. పెట్రోలియం పొదుపు కోసం 1978 నుంచి పనిచేస్తున్న పీసీఆర్ఏ అయితే గంటకు 45-55 కిలోమీటర్ల వేగమే మేలంటుంది. నాలుగు వరసల హైవే మీద అంత నెమ్మది ఆచరణ సాధ్యం కాదు, వెనక లారీలు ఊరుకోవు. 80 దగ్గర నిలకడగా పోవడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా దేశమంతటా వేగాన్ని గంటకు 55 మైళ్లకు, అంటే 88 కిలోమీటర్లకు కట్టడి చేసింది. అక్కడి జనం ఎంత గొణిగినా 1995 దాకా ఏదో రూపంలో ఆ చట్టం బతికింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో అంతర్జాతీయ ఇంధన సంస్థ పది సూచనలు చేస్తే, అందులో మొట్టమొదటిది హైవేల మీద వేగ పరిమితిని కనీసం పది కిలోమీటర్లు తగ్గించాలన్నదే. సరిగ్గా ఆ మరుసటి ఏడాదే మనం పెంచుకున్నాం.

తరతరాలుగా వస్తున్న మరో అలవాటు న్యూట్రల్‌లో దొర్లించడం. అంబాసిడర్, పద్మిని కార్ల కాలంలో, కార్బురేటరు ఉన్న రోజుల్లో అందులో కొంత అర్థముంది. ఇప్పుడు తిరుగుతున్న పెట్రోలు కార్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వి. గేరులో ఉండి పాదం ఎత్తేస్తే, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయని గ్రహించి కంప్యూటరు పెట్రోలు సరఫరాను పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత పెట్రోలు పోస్తూనే ఉండాలి. అనుమానం ఉంటే డ్యాష్‌బోర్డు మీద అప్పటికప్పటి మైలేజీ చూపే గీతను గమనించండి. ఎత్తు ఎక్కేటప్పుడు ఆరు, ఏడు దగ్గర నలిగిన గీత, దిగుడులో గేరులోనే ఉండి పాదం తీయగానే చివరిదాకా సాగి అక్కడే నిలబడుతుంది. అప్పుడు కారు చుక్క పెట్రోలు తాగడం లేదు. చదునైన రోడ్డు మీద న్యూట్రల్‌లో కారు కాస్త ఎక్కువ దూరం దొర్లే మాట నిజమే. కానీ శ్రీశైలం, మారేడుమిల్లి, అనంతగిరి ఘాట్లలో అలా దిగేవారు బరువంతా బ్రేకుల మీదే వేస్తారు. అవి కాగి పట్టు వదిలే సమయానికి మలుపు ఎదురుగా ఉంటుంది. తిరుమల నుంచి దిగే వాహనాలకు సమయం లెక్క చూసేది కూడా ఈ తొందరను ఆపడానికే. దిగుడులో రెండో గేరు, మూడో గేరు ప్రాణానికీ మంచిది, పర్సుకూ మంచిదే.

సిగ్నళ్ల దగ్గర మాత్రం లెక్క తిరగబడుతుంది. ఆగి ఉన్న చిన్న కారు ఇంజిన్ గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా, ఏసీ తిరుగుతుంటే ఇంకాస్త ఎక్కువ తాగుతుంది. రోజుకు ఇరవై నిమిషాలు సిగ్నళ్లలో నిలబడే ఉద్యోగి ఏడాదిలో వంద గంటలు అలా గడుపుతాడు. అంటే తక్కువలో తక్కువ యాభై లీటర్లు ఎక్కడికీ కదలకుండానే మండిపోతాయి. మళ్లీ స్టార్టు చేస్తే ఎక్కువ పెట్రోలు పోతుందన్న భయం కూడా కార్బురేటరు కాలం నాటిదే. నేటి ఇంజిన్లకు పది సెకన్లు దాటి ఆగితే ఆపేయడమే లాభం. కౌంట్‌డౌన్ అంకెలు ఎదురుగా కనిపిస్తూ 90 చూపిస్తున్నా తాళం తిప్పని చేతులే ఎక్కువ. కొత్త కార్లలో దానంతటదే ఆగి స్టార్టయ్యే ఏర్పాటుంటే, ఎక్కగానే ఆ బటన్ ఆపేసేవారు చాలామంది. బ్యాటరీ పాతబడి స్టార్టింగుకు మొరాయించే బండికి ఈ సలహా వర్తించదు. మే నెల మధ్యాహ్నం రెండు గంటలకు వెనక సీట్లో పసిబిడ్డ ఉంటే ఎవరూ ఆపరు, ఆపమనడమూ న్యాయం కాదు.

ఏసీ లేకుండా రెంటచింతల, రామగుండం ఎండల్లో కారు నడపమనడం కూడా సలహా అనిపించుకోదు. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలు బిగించి ఏసీని గరిష్ఠానికి తిప్పడమే అసలు దుబారా. లోపలి గాలి బయటి గాలికంటే ఎంతో వేడిగా ఉంటుంది. తలుపులు తెరిచి ఆ వేడిని పోనిచ్చి, ఒకటి రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపి, ఆ తర్వాత ఏసీ వేసి లోపలి గాలే తిరిగే మీట నొక్కితే కంప్రెసరు మీద భారం తగ్గుతుంది. నగరంలో నెమ్మదిగా పోయేటప్పుడు అద్దాలు దించితే ఆదా. హైవే వేగంలో తెరిచిన కిటికీ గాలికి అడ్డుపడుతుంది కాబట్టి అక్కడ ఏసీయే నయం. పండక్కి ఊరెళ్తూ టాప్ మీద క్యారియరు బిగించి సామాను ఎక్కించేవారికీ ఇదే వర్తిస్తుంది. డిక్కీలో పెట్టిన పాతిక కిలోల బియ్యం బస్తా కంటే నెత్తిన పెట్టిన ఖాళీ పెట్టె ఎక్కువ పెట్రోలు తాగిస్తుంది.

నిర్వహణ విషయంలో ప్రచారానికీ వాస్తవానికీ దూరం ఎక్కువ. టైర్లలో గాలి తగ్గితే మైలేజీ పడిపోతుందని అందరూ చెబుతారు. పడిపోతుంది, కానీ అనుకున్నంత కాదు. నాలుగు టైర్లలో సగటున ఒక్కో పీఎస్ఐ తగ్గితే 0.2 శాతం. అయిదు తగ్గితే ఒక శాతం. దీనికోసమే అయితే హడావుడి అక్కర్లేదు. గాలి తగ్గిన టైరు అంచులు అరిగి ముందే మార్చాల్సి వస్తుంది, ఎండాకాలం హైవే మీద కాగి పేలుతుంది. గాలి చూడవలసింది అందుకు. ఎంత పట్టాలో డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద స్టిక్కరు చెబుతుంది. పంక్చరు షాపుల్లో ఏ కారుకైనా 35 కొట్టేసే ఆనవాయితీని పట్టించుకోకండి. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బంకులో ఈ గాలి ఉచితంగా పట్టడం చమురు సంస్థల నిబంధన. డబ్బు తీసుకుని నైట్రోజన్ పట్టి మైలేజీ పెరుగుతుందనేవారికి, మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనేనని గుర్తుచేస్తే చాలు.

ఎయిర్ ఫిల్టరు మారిస్తే మైలేజీ పెరుగుతుందన్నది మరో గట్టి నమ్మకం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో దీన్ని పరీక్షించింది. ఇంజెక్షన్ కార్లలో ఫిల్టరు మూసుకుపోతే పికప్ తగ్గింది గానీ మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంజిన్‌లోకి ఎంత గాలి వస్తే అంతకు తగ్గట్టే కంప్యూటరు పెట్రోలు పోస్తుంది కాబట్టి. ఇంజిన్ ఆరోగ్యం కోసం ఫిల్టరు మార్చాల్సిందే, పెట్రోలు ఆదా మీద ఆశతో మాత్రం కాదు. మరోవైపు, డ్యాష్‌బోర్డులో వెలిగే పసుపుపచ్చ ఇంజిన్ దీపాన్ని నెలల తరబడి వదిలేసేవారున్నారు. ఆ దీపానికి కారణం పాడైన ఆక్సిజన్ సెన్సరు అయితే, దాన్ని మార్చగానే మైలేజీ ఏకంగా 40 శాతం దాకా మెరుగుపడవచ్చు. కొందరు మెకానిక్‌లు స్కానరు తగిలించి దీపం ఆర్పేసి పంపిస్తారు. దీపం ఆరుతుంది, జబ్బు అలాగే ఉంటుంది.

మన ఎండల పేరు చెప్పి చేసే రెండు పనులను ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి, రేడియేటరు వేడెక్కుతోందని వస్తే 'మన దేశానికి ఇదెందుకు' అంటూ థర్మోస్టాట్ వాల్వును తీసి పారేయడం. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను ఆపి ఉంచడం దాని పని. అది లేకపోతే ఇంజిన్ చాలాసేపు చల్లగానే ఉంటుంది, చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటరు అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. రెండోది, కంపెనీ పుస్తకంలో పలుచని ఆయిల్ రాసి ఉంటే ఎండలకు తట్టుకోదని చిక్కటిది పోయడం. తప్పు గ్రేడు వల్ల ఒకటి, రెండు శాతం మైలేజీ పోతుంది. చల్లని ఇంజిన్ స్టార్టయిన క్షణాల్లో పై భాగాలకు ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది కూడా. ఆ పుస్తకం రాసినవారికి మన ఎండలు తెలియవనుకోవడం అమాయకత్వం. ఇక్కడే పరీక్షించి, ఇక్కడే అమ్ముతున్న కార్లివి.

డబ్బు ఖర్చు లేకుండా ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. బ్రేకులు ఎక్కువ వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి, చదునైన చోట ఆపి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూడండి. తాకనక్కర్లేదు. ఒక చక్రం మాత్రమే మిగతా వాటికంటే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టి వదలడం లేదన్నమాట. హ్యాండ్‌బ్రేకు కేబుల్ మరీ బిగించినా వెనక చక్రాలు ఇలాగే ఈడుస్తాయి. అలాంటి బండి రోజంతా బ్రేకు మీద కాలు పెట్టి నడిపినట్టే. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు కంప్యూటరులో కనిపించని లోపం ఇది, చెబితే తప్ప ఎవరూ చూడరు. అదే సర్వీసు కౌంటరులో ఇంజెక్టరు క్లీనింగు, డీకార్బనైజింగు అంటూ బిల్లులో మూడు, నాలుగు వేలు కలిపే మాట మాత్రం తప్పకుండా వినిపిస్తుంది. బండికి లక్షణాలేవీ లేకపోతే నిర్మొహమాటంగా వద్దనండి.

పెట్రోలు పైపుకు తగిలించే అయస్కాంతాలు, ట్యాంకులో వేసే మాత్రల గురించి ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటివి వందకు పైగా పరీక్షించి, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచేది ఏదీ లేదని తేల్చింది. 1996లో మూలికలతో పెట్రోలు చేస్తానన్న తమిళనాడు వ్యక్తిని దేశమంతా నమ్మింది. ఇరవై ఏళ్ల తర్వాత కోర్టు శిక్ష వేసింది. మామూలుకంటే ఎక్కువ ఆక్టేన్ ఉన్న ఖరీదైన పెట్రోలు కూడా అలాంటి మోజే, మామూలు పెట్రోలుకు తయారైన ఇంజిన్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు. నగరంలో రోజుకు ఆరేడు కిలోమీటర్లు తిరగడానికి బీఎస్-6 డీజిలు కారు కొన్నవారిది మరో కథ. పొగ గొట్టంలోని ఫిల్టరు మసితో నిండినప్పుడు దాన్ని కాల్చి శుభ్రం చేయడానికి కారు అదనంగా డీజిలు పోసుకుంటుంది. హైవే ఎరగని కారులో ఆ పని సగంలో ఆగుతూ మళ్లీ మళ్లీ మొదలవుతుంది.

డ్రైవరు చేతిలో లేని తరుగుదల కూడా ఉంది. బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలుకంటే మూడో వంతు తక్కువ. కాబట్టి మైలేజీ కొంత తగ్గడం అనివార్యం. పాత కార్లకు ఆరేడు శాతం తగ్గవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ముప్ఫై, నలభై శాతం పడిపోయిందన్న సామాజిక మాధ్యమాల గోలకు ఈ శక్తి లెక్కల్లో ఆధారం దొరకదు. అయితే ఆరు శాతం శక్తి తగ్గిన సరుకును అదే ధరకు అమ్ముతూ, పాత కారు యజమానికి మరో రకం ఎంచుకునే వీలు లేకుండా చేయడం అన్యాయమే. వినియోగదారుడు పాదం అదుపు చేసుకుని మిగుల్చుకున్నదాన్ని ట్యాంకులోనే తీసేసుకున్నట్టవుతుంది.

ప్రభుత్వాల వాటా ఇక్కడితో అయిపోలేదు. ఇంధన పొదుపు మీద ఏటా పక్షోత్సవాలు, సైకిల్ ర్యాలీలు, వ్యాసరచన పోటీలు జరుగుతాయి. మరోవైపు పెట్రోలు మీద తెలంగాణ వ్యాట్ 35.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతానికి తోడు లీటరుకు నాలుగు రూపాయలు, రోడ్డు సెస్సు మరో రూపాయి. జనం తక్కువ తాగిస్తే ఖజానాకు నష్టమే కాబట్టి ఉపన్యాసాన్ని మించి ఎవరూ ముందుకు పోరు. గ్రామీణ రోడ్డు మీద స్పీడ్ బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. మన ఊళ్లలో అది సిమెంటు దిమ్మెలా, మొదటి గేరుకు రాకుండా దాటలేనంత నిటారుగా ఉంటుంది. పిల్లల ప్రాణాల కోసం వేగం తగ్గించాల్సిందే. కొలత ప్రకారం కట్టిన బ్రేకరు పాతిక కిలోమీటర్ల వేగంతో దాటిస్తుంది, మన దిమ్మె బండిని పూర్తిగా ఆపేస్తుంది. ఆగిన ప్రతి కారూ, ప్రతి లారీ మళ్లీ మొదటినుంచి ఇంధనం పోసుకోవాలి. వరస సిగ్నళ్లను ఒకదానితో ఒకటి కలిపి, ఒక్కసారి పచ్చలైటు దొరికినవాడు నాలుగు కూడళ్లు ఆగకుండా దాటేలా చేయడం కొత్త విద్యేమీ కాదు. సంక్రాంతి ముందు హైదరాబాద్-విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటర్ల కొద్దీ బారులు తీరే కార్లకు ఏ డ్రైవింగు మెలకువా పనికిరాదు. ఫాస్టాగ్ తప్పనిసరి చేసి ఏళ్లయినా ఆ వరస తరగలేదు. పండగ మూడు రోజులూ గేట్లు ఎత్తేస్తే పోయే ఆదాయం ఎంతో, అక్కడ కదలకుండా మండే ఇంధనం ఎంతో పక్కపక్కన వేసి జాతీయ రహదారుల సంస్థ ఒక్కసారైనా ప్రకటించాలి.

లైసెన్సు పరీక్షలో రివర్సు చూస్తారు, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంటారు, ఎత్తు మీద ఆపి కదిలించమంటారు. ముందున్న రోడ్డును చదివి పాదం ఎప్పుడు ఎత్తాలో తెలిసినవాడా కాదా అని ఎవరూ చూడరు. నెదర్లాండ్స్ 1999 నుంచీ పొదుపు డ్రైవింగును జాతీయ కార్యక్రమంగా నడిపింది. దూరం చూసి నడిపేవాడు గుద్దే అవకాశమూ తక్కువే. ఏటా లక్షా డెబ్భై వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోతున్న దేశంలో ఆ ఒక్క కారణం చాలు. రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ డ్రైవింగు పరీక్షలో పది మార్కులు దీనికి కేటాయించాలి. పరీక్ష కారుకు ఇంధనం కొలిచే చిన్న పరికరం తగిలిస్తే మార్కులు వేయడం కూడా కష్టం కాదు. అది జరిగేదాకా కారు యజమాని చేయగలిగింది ఒకటుంది. ఈసారి ట్యాంకు నింపించినప్పుడు పైపు దానంతటదే కట్టయ్యాక ఇంకాస్త పోయమనకుండా ఆపండి, మీటరు అంకెను రాసిపెట్టండి. మళ్లీ నింపించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించండి. డ్యాష్‌బోర్డు చూపే అంకెకంటే అది తక్కువే రావచ్చు, మీ కారు అసలు మైలేజీ అదే.